రత్నక్కకో పడక

మొదటి పడక: పెనాంగ్

నిద్ర పట్టనివాళ్ళ కోసం పెట్టుకున్న ఈ గ్రూపులో అందరూ ముందు మనిషి వివరాలు రాసి, ఆ తర్వాతే మంచం గురించి రాస్తున్నారు. నేనూ అలాగే రాస్తాను.

మా అక్క పేరు రత్నకుమారి. సామర్లకోట నుంచి గూడ్సు బళ్ళు నడిపేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెవి వెనక నిద్ర తగ్గించే పూస పెట్టించుకుంది. అప్పట్నుంచి అందరిలాగే రోజుకో గంట కునుకుతో సరిపెట్టుకుంది. కిందటి వానాకాలం ఆ పూస ఆగిపోతే తీయించేశాం. ఆ గంట కునుకూ పోయింది, పాతకాలపు నిద్రా తిరిగి రాలేదు. నేను చెల్లెల్ని, వీరవేణిని. చిన్నప్పుడు నాకు ఫిట్సు వచ్చేవి కాబట్టి పూస పెట్టడానికి ఏ డాక్టరూ ఒప్పుకోలేదు. మా వీధిలో రాత్రంతా నిద్రపోయే మనిషిని నేనొక్కదాన్నే.

విమానాశ్రయంలో అధికారి, "పనికా, నిద్రకా?" అని అడిగాడు. నిద్రకన్నాను. అక్క కళ్ళకేసి ఒకసారి చూసి ఇంకేమీ అడగకుండా ముద్ర గుద్దాడు.

గదిలోకి రాగానే అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదంతా మంచమేనా? ఒసేయ్, మన హాలంత ఉందే!"

మా ఇంట్లో మంచం నేను పదో తరగతిలో ఉండగానే అమ్మేశారు. పడగ్గది టిఫిన్ సెంటరుకు అద్దెకిచ్చారు. ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా కునుకు కుర్చీలే. నేను మాత్రం వంటింట్లో బొంత పరుచుకుని, కళ్ళకు తువ్వాలు కట్టుకుని పడుకుంటాను. మా వీధిలో దీపాలు ఎప్పుడూ ఆర్పరు.

ఇక పడక సంగతి. పరుపు మోకాలెత్తు ఉంది. అరచేత్తో నొక్కితే లోపలికి దిగి, చెయ్యి తీశాక నింపాదిగా పైకి వస్తుంది. దిండ్లు నాలుగు. నాలుగెందుకో తెలియక రెండు తీసి కుర్చీలో పెట్టాం. దుప్పటి ఎంత తెల్లగా ఉందంటే, అక్క దానిమీద కూర్చునే ముందు వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చింది. చప్పుడు లేదు. రాత్రి భోజనాలయ్యాక కిటికీలోంచి చూస్తే, ఎదురు మేడలో దీపాలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి.

"వేణీ, కరెంటు పోతందేమోనే."

"కరెంటు కాదక్కా. పడుకుంటున్నారు. ఈ దేశంలో పూసలు రానివ్వలేదుగా."

"అందరూనా? ఒకేసారా?"

ఆఖరి దీపం ఆరేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.

నేను కూడా మేలుకునే ఉందామనుకున్నాను. దిండుకు తల తగలడం వరకే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి తెల్లగా తెల్లారింది. అక్క పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని నన్నే చూస్తోంది.

"ఎలాగుందే?"

"ఏముందక్కా, పడుకున్నాను."

"అది కాదు. నిద్దర ఎలాగుంటాది? నాకు మర్చిపోయినట్టుంది. చెప్పు."

నాకు చెప్పడం చేతకాలేదు. చెరువులో మునిగినట్టుంటుందన్నాను. "మునిగితే ఊపిరాడదు కదే," అంది అక్క. నేను సిగ్గుపడి స్నానానికి లేచాను. ఆకలితో ఉన్నవాళ్ళ ఎదురుగా కడుపునిండా తిన్నట్టనిపించింది.

అక్క నిద్రపోలేదు. తప్పు మంచానిది కాదు. మీలో ఎవరైనా వస్తే ఇక్కడ దిగవచ్చు.

రెండో పడక: దాలత్

వియత్నాంలో కొండమీది ఊరు. చలి. నాతో తెచ్చిన ఆవకాయ సీసా పైన నూనె పేరుకుపోయింది.

చిన్న హోటలు, రేకుల కప్పు. పరుపు పల్చనిది. లోపల ఏదో పీచు ఉంది, పక్కకు తిరిగినప్పుడల్లా గరగరమంటుంది. దిండు వెదురుది. పెనాంగ్ మంచం ముందు ఇది ఏమూలకీ రాదు. అయినా ఈ ఊరి పేరు గ్రూపులో ముగ్గురు రాశారని వచ్చాం.

మూడు రోజులు ఏమీ జరగలేదు. అక్కకు రాత్రిళ్ళు చేతులు ఖాళీగా ఉండవు. రెండోనాడు నేను లేచేసరికి గది కర్టెన్లు విప్పి, ఉతికి, స్నానాలగదిలో ఆరేసింది. హోటలావిడ వచ్చి చూసి బిత్తరపోయింది. అక్క చేతులు జోడించి, "మురికిగా ఉన్నాయమ్మా," అంది తెలుగులోనే. ఆవిడకు ఏం అర్థమైందో గానీ, మర్నాడు పక్క గది కర్టెన్లు కూడా తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాలుగోనాడు మధ్యాహ్నం వాన పట్టింది. రేకుల మీద ఒకటే మోత. అక్క మంచం మీద వాలి మాట్లాడుతోంది. తుని దగ్గర పట్టాల మీదికి గేదె వచ్చిన సంగతి. "అప్పుడు నేను హారన్ కొడితే అది నాకేసి..." అని ఆగింది. గేదె ఏం చేసిందో వినాలని తిరిగి చూశాను. అక్క నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కనురెప్పలు పూర్తిగా మూసుకుని ఉన్నాయి.

నా చేతిలో ఆవకాయ సీసా ఉంది, మూత సగం తిప్పి. ఎక్కడ చప్పుడవుతుందోనని అలాగే నిలబడిపోయాను. చెయ్యి మొద్దుబారింది. ఏడుపొస్తే ముక్కు ఎగబీల్చడానికి కూడా భయమేసింది.

అరగంటకు తక్కువ ఉండదు. తర్వాత ఉలిక్కిపడి లేచి, "ఎర్ర సిగ్నల్ దాటేశానా?" అని అరిచింది. నన్ను చూసింది, మంచాన్ని చూసింది. చెంపమీద వెదురు దిండు అచ్చులు పడ్డాయి. తడుముకుని, "పడుకున్నానా?" అని అడిగింది.

"పడుకున్నావక్కా."

"నిజంగా? ఒట్టు?"

ఆ పూట రెండు గిన్నెల నూడిల్స్ పులుసు తాగింది. ఆ కబురు రాయగానే మీరందరూ గ్రూపులో పంపిన పూల బొమ్మలు ఆమెకు చూపించాను. ఇంకో వారం అదే గదిలో, అదే దిండుతో, అదే పక్కన పడుకుని వాన కోసం ఎదురుచూశాం. వాన వచ్చింది. నిద్ర రాలేదు.

మూడో పడక: హకొడాతే

జపాన్‌లో సముద్రం పక్క ఊరు. ఇక్కడ మంచం లేదు. గడ్డి చాపల నేలమీద రాత్రికి పరుపు పరిచి పొద్దున్న చుట్టి అల్మరాలో పెడతారు. పరుపు గట్టిది, నడుముకు మంచిది. దిండులో గింజలున్నాయి. కప్పుకునేది దళసరిగా, బరువుగా ఉంటుంది. కొందరికి ఆ బరువే హాయిగా ఉంటుందట.

అక్కకు ఇప్పుడు గోడల్లో సిగ్నళ్ళు కనిపిస్తున్నాయి. భోజనం ముందు కూర్చున్నప్పుడు ఎడమచెయ్యి పక్కకు చాచి గట్టిగా వెనక్కి లాగుతుంది. మొదట నాకు తెలియలేదు. తర్వాత అర్థమైంది, బ్రేకు వేస్తోంది.

"ఎవరున్నారక్కా పట్టాల మీద?"

"ఎవరూ లేరు. అలవాటుకి." సిగ్గుపడి చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంది.

నిన్న పొద్దున్న మెట్ల మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. సత్రం నడిపే ముసలావిడ మందు రాసి, కట్టు కట్టి, మళ్ళీ పడుతుందని మాకు కిందిగది ఇచ్చింది. నేను కట్టు మార్చేటప్పుడు చూశాను, అక్క చెయ్యి నా మణికట్టంత అయిపోయింది. ఒకప్పుడు ఆ చేత్తోనే నన్ను చంకనేసుకుని సామర్లకోట వంతెన ఎక్కేది.

నేను ప్రతి రాత్రీ నిద్రపోతున్నాను. ఎంత వద్దనుకున్నా. ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రోగి వెంట ఉండేవాళ్ళు మీలోనూ ఉన్నారు, మీకు తెలుస్తుంది. నిన్న నేను కూర్చునే తెల్లవారించాలని పంతం పట్టాను. అక్క కోప్పడింది.

"నువ్వు పడుకోవే. నువ్వు గురక పెడతా ఉంటే నాకు తోడున్నట్టుంటాది. ఇద్దరం గుడ్లప్పగించుకుని కూర్చుని ఏం చేత్తాం?"

పడుకున్నాను. ఆమె పడుకోలేదు.

నాలుగో పడక: కుతాయిసి

జార్జియా దేశం. ఇక్కడ నిద్ర వైద్యం చేసే హోటలుందని మీలో ఒకరు రాస్తే వచ్చాం. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదే గొప్ప పడక. పరుపు ఒంటి వేడిని బట్టి తనే చల్లబడుతుంది, వెచ్చబడుతుంది. ఎటు తిరిగితే అటు నడుము కింద కొంచెం లేచి ఆసరా ఇస్తుంది. గోడలకు నల్లటి గుడ్డ కట్టారు. తలుపు వేస్తే ఎవరి గుండె చప్పుడు వాళ్ళకు వినిపిస్తుంది.

రెండోరోజు డాక్టరు ఎకా నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచింది. నా వయసే ఉంటుంది. బల్ల మీద మాటలు మార్చే డబ్బా పెట్టింది. ఆవిడ తన భాషలో మెల్లగా చెబుతుంటే, డబ్బా పాత పుస్తకంలోంచి చదివినట్టు తెలుగులో పలికింది.

"మీ సహోదరి హద్దును అతిక్రమించినది. ఇకమీదట ఆమె నిద్రించినచో మేల్కొనదు."

నేను అర్థం కానట్టు చూశాను. అర్థమైంది, కానీ అలాగే చూశాను. ఆవిడ డబ్బా పక్కకు జరిపి, నా రెండు చేతులూ పట్టుకుని, చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో మళ్ళీ చెప్పింది. నిద్ర లేక మెదడులో ఊపిరిని నడిపించే చోటు అరిగిపోయింది. మెలకువగా ఉన్నంతసేపే ఊపిరి ఆడుతుంది. నిద్ర వస్తే కాసేపటికి అది ఆగిపోతుంది. యంత్రం తగిలించినా ఊపిరి ఆడుతుంది గానీ మనిషి తిరిగి రాదు.

"నిద్ర రాకపోతే?"

"కొన్ని వారాలు. చాలా బాధతో."

"అంతకన్నా..."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

బయటికి వస్తే అక్క బెంచీ మీద కూర్చుని నర్సుతో దానిమ్మకాయ వలిపించుకుని తింటోంది. వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఏమందే?"

"బలం తక్కువుందంట. సముద్రపు గాలి మంచిదంట."

ఆ సాయంత్రమే గది ఖాళీ చేయించాను. ఆ మంచం మీద అక్కను ఒక్క క్షణం కూడా ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. మూడు దేశాలు తిరిగి వెతికింది ఇలాంటి మంచం కోసమే.

ఐదో పడక: బతూమి, రైలు స్టేషన్ పక్క

మీలో కొందరు అడిగారు, ఇలాంటి చోటు గురించి ఎందుకు రాస్తున్నారని. కావాలనే దిగాం. కావాలని దిగింది నేను.

ఇనప మంచం. పరుపు అట్టముక్కలా ఉంది, మధ్యలో స్ప్రింగు పొడుచుకొస్తోంది. దిండు మట్టివాసన. కిటికీకి కర్టెన్ లేదు, ఎదురుగా స్టేషన్ దీపం. రైళ్ళు కూతపెట్టుకుంటూ వస్తూ పోతూ ఉంటాయి. నిద్ర పట్టకూడదనుకునేవారికి ఇంతకన్నా మంచి గది దొరకదు.

మొదటిరోజు అక్క సంతోషించింది. "కూత విను. డీజిలు కాదు, కరెంటింజనే. డ్రైవరు కుర్రోడులా ఉన్నాడు, మలుపులో తొందరపడతన్నాడు," అని కిటికీ వదల్లేదు. నేను గంటగంటకూ టీ పెట్టాను. పచ్చిమిరపకాయ కొరికించాను. చన్నీళ్ళతో మొహం తుడిచాను. పేకాటలో కావాలని తొండి చేసి పోట్లాడాను. నాకు నిద్ర ముంచుకొస్తే స్నానాలగదిలోకి వెళ్ళి చెంపలు వాయించుకుని వచ్చాను.

మూడోరోజు అక్క నన్ను అనుమానంగా చూసింది.

"ఏంటే నీ ఎవ్వారం? మొన్నటిదాకా మెత్తటి పరుపులన్నావ్, చీకటి గదులన్నావ్. ఇప్పుడీ ఇనపకొట్లో పడేసి మిరపకాయలు తినిపిత్తన్నావ్."

"కొత్త వైద్యమక్కా."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరే."

ఇంకో మిరపకాయ కొరికింది. నమ్మిందో లేదో తెలియదు.

ఈరోజు పొద్దున్న కింద హోటల్లో పలహారానికి కూర్చున్నాం. జున్నుపెట్టి కాల్చిన రొట్టె వేడివేడిగా తెచ్చారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. నేను రొట్టె తుంచి అక్క పళ్ళెంలో వేస్తూ తలెత్తాను. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉంది. కళ్ళు మూతపడుతున్నాయి. మొహంలో ముడతలన్నీ ఒక్కొక్కటే విడిపోయి, మా చిన్నప్పటి అక్క మొహం బయటికి వస్తోంది. ఊపిరి నిమ్మళంగా సాగింది. తర్వాత ఇంకొంచెం నెమ్మదించింది.

నేను బల్ల మీదినుంచి వంగి రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాను. అరిచాను. మంచినీళ్ళ గ్లాసు మొహాన కొట్టాను. తిండి తింటున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

అక్క కళ్ళు తెరిచింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపు నేనెవరో తెలియనట్టు చూసింది. తర్వాత పసిపిల్లలా ఏడ్చింది.

"వచ్చేసిందే... వచ్చేసిందే వేణీ... ఎంత బాగుందో... ఎందుకు లేపేశావే?"

అప్పుడు చెప్పేశాను. డబ్బా చెప్పింది, ఆవిడ చేతులు పట్టుకుని చెప్పింది, అంతా. రొట్టె మీద జున్ను గడ్డకట్టాక అక్క లేచి, తడిజుట్టు ముడేసుకుని, సముద్రం వైపు నడిచింది.

ఆరోది: పడక కాదు

సముద్రం ఒడ్డున బెంచీ. ఇక్కడ ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళు. అల వెనక్కి వెళ్ళేటప్పుడు రాళ్ళన్నీ ఒకదాన్నొకటి రాసుకుని గలగలమంటాయి.

అక్క చాలాసేపు దాన్నే వింది.

"ఇంటికెళ్ళిపోదామా?" అని నేనే అడిగాను.

"విమానంలో కూర్చున్న సీట్లోనే పోతే? నాకొద్దు. పన్నెండేళ్ళు కుర్చీలోనే కునికాను. ఈసారి పడుకునే పోతాను."

"పోతానంటావేంటక్కా. మిరపకాయలూ టీలూ నేను చూసుకుంటాను. కొన్ని వారాలున్నాయన్నారు. ఈలోపల ఏదైనా మందు..."

"వేణీ, ఇటు చూడు."

చూశాను.

"నా కాళ్ళు రాత్రంతా ఎలాగుంటాయో తెలుసా నీకు? లోపల చీమలు పాకినట్టు. నీ మొకం చూత్తాంటే ఒక్కోసారి నీ మొకంలాగుండదు. ఇయ్యాళ నిన్ను గుర్తుపడతన్నాను. వచ్చేవారం పడతానో లేదో. కొన్ని వారాలు అంటే ఇవే కదా?"

"నాకోసమన్నా ఉండక్కా."

నోరు జారిందో, నిజంగానే అన్నానో, ఆ మాట అనేశాను. అక్క కోప్పడలేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"నీకోసం ఉంటాను. రేపూ, ఎల్లుండీ. ఆ తర్వాత నాకోసం పడుకుంటాను. నువ్వు లేపకూడదు. మాటియ్యి."

ఇవ్వలేదు. ఇవ్వలేకపోయాను. అక్క బలవంతపెట్టలేదు.

ఆ రెండు రోజుల్లో మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. కళ్ళు వాలినప్పుడల్లా అక్క తనే మిరపకాయ కొరికేది. చేపల బజారుకు వెళ్ళాం. అక్క బేరమాడింది, ఒక్క ముక్క భాష రాకపోయినా గెలిచింది. బసలోని వంటగట్టు మీద వంట చేశాం. పులుసులో ఉప్పు ఎక్కువైందని నేనన్నాను, నీ నాలిక పాడైందని తనంది. తనతో కలిసి పనిచేసిన సుందర్రావుకు ఫోను చేసి, తుని మలుపులో కొత్త సిగ్నలు సరిగ్గా కనబడదని, పైవాళ్ళకు చెప్పమని పదిసార్లు చెప్పింది. నా తలకు నూనె రాసింది. నూనె నా నుదుటి మీద కారింది. తుడుచుకోలేదు నేను.

రెండోరోజు సాయంత్రం బెంచీ మీద కూర్చున్నప్పుడు నేనే అన్నాను.

"సరే అక్కా. లేపను."

ఏడో పడక: నానులి గారి ఇల్లు, బతూమి

ఈ మంచం అక్కే ఎంచుకుంది.

పొద్దున్నే తయారై, "పద, చూసొద్దాం," అంది, చీరల కొట్టుకు బయల్దేరినట్టు. నాలుగు చోట్లకు వెళ్ళాం. సముద్రం ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో పరుపు మీద కూర్చుని లేచి, "ఇది మనిషిని మింగేత్తాది," అంది. పక్కదాంట్లో పరుపు బాగుంది, గదిలో ఫినాయిలు వాసన, వద్దంది. ఇంకోదాంట్లో మంచం గోడకు దూరంగా నట్టనడుమ వేశారు. "ఇదేంటి, శవాన్ని పెట్టినట్టు," అంది. అనేసి, నా మొహం చూసి, నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. గది చూపిస్తున్న పిల్ల కూడా ఏమీ అర్థంకాకుండానే నవ్వింది.

ఊరి చివర కొండవాలులో ఒకావిడ తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తుంది. పేరు నానులి. అరవై దాటి ఉంటాయి. చెక్క మంచం, గోడవారగా. పరుపు గొర్రెబొచ్చుతో ఇంట్లోనే కుట్టింది. ఆవిడ ఏటా ఎండాకాలం దాన్ని విప్పి, బొచ్చు ఉతికి, ఆరబెట్టి, కర్రతో దులిపి మళ్ళీ కుడుతుందట. మరీ మెత్తన కాదు, గట్టీ కాదు. కూర్చుంటే ఒళ్ళు ఎంతవరకు దిగాలో అంతవరకు దిగి ఆగుతుంది. కిటికీ బయట నారింజ చెట్టు. అక్క మంచం అంచున కూర్చుని రెండు చేతులూ చెరోపక్కా ఆనించి, కొంచెం ఊగి చూసింది.

"ఇది," అంది.

ఆవిడకు చెప్పకుండా చేయడం న్యాయం కాదు. ఫోనులో మాటలు మార్చే ఏర్పాటు పెట్టి నేనే చెప్పాను. మా అక్క ఇక్కడ పడుకుంటుంది, లేవదు, కుతాయిసి డాక్టరు ఎకాకు ఫోను చేసి చెప్పాను, సాయంత్రం ఆవిడ వస్తుంది, కాగితాలన్నీ ఆవిడ చూసుకుంటుంది. మీకు ఇష్టం లేకపోతే వెళ్ళిపోతాం. నానులి అంతా విని, అక్కను చూసి, మంచం మీది దుప్పటి లాగేసి గదిలోంచి వెళ్ళిపోయింది. వద్దన్నదేమో అనుకుని నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఆవిడ తిరిగి వచ్చింది. చేతుల్లో అంచులకు కుట్టుపనిచేసిన దుప్పటి, దిండు గలీబులు ఉన్నాయి. తన పెట్టెలోంచి తీసినట్టున్నాయి, కలరా ఉండల వాసనొస్తున్నాయి. తనే పరిచి, ముడతలు సర్ది, కిటికీ తెరిచింది.

మధ్యాహ్నం భోజనం చేశాం. అక్క స్నానం చేసి, జడ వదులుగా అల్లుకుని, నైటీ వేసుకుంది. మంచమెక్కి గోడవైపు జరిగింది.

"ఆ కర్టెన్ కొంచెం జరుపు. ఎండ కళ్ళలో పడతంది."

జరిపాను.

"నువ్వూ పడుకో పక్కన."

పడుకున్నాను. బొచ్చు పరుపు నిజంగానే బాగుంది. మా ఇద్దరి బరువుకూ మధ్యలో కుంగలేదు.

"భయంగా ఉందా అక్కా?"

"డ్యూటీ దిగేటప్పుడు ఎవరికైనా భయమేత్తాదేంటే? బండి అవతలి డ్రైవరుకి ఒప్పజెప్పేసి దిగిపోతాం, అంతే." నా చెయ్యి తడిమి, "నీ ఒక్కదాని గురించే బెంగ నాకు. ఇంటికెళ్ళాక వంటింట్లో పడుకోకు. టిఫిన్ సెంటరోళ్ళని ఖాళీ చేయించి, మంచం కొనుక్కో. మంచి పరుపేయించుకో," అంది.

"ఎక్కడమ్ముతారక్కా మనూళ్ళో?"

"ఎవడో ఒకడు చేత్తాడు. అడగాలి."

తర్వాత వెల్లకిలా తిరిగి కప్పుకేసి చూసింది. చెక్క కప్పు. ఆ చెక్కల మధ్య గీతలు చూస్తూ, "పట్టాల్లాగున్నాయి," అంది. ఇంకేదో అనబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

నేను మోచేతి మీద లేచి చూశాను. స్టేషన్ పక్క హోటల్లో ఆ పొద్దున్న చూసినట్టే, ముడతలు విడిపోతున్నాయి. నుదురు, కళ్ళ చివర్లు, పెదవుల పక్కన గీతలు. నా రెండు చేతులూ నా కింద పెట్టుకుని, వాటి మీద పడుకున్నాను. అవి వాటంతటవే వెళ్ళి ఆమెను పట్టుకుని ఊపేస్తాయేమోనని. ఒకటి రెండుసార్లు పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

చాలాసేపు హాయిగా నిద్రపోయింది. దాలత్‌లో కన్నా ఎక్కువసేపు, దాలత్‌లో కన్నా లోతుగా. ఒకసారి గురక కూడా పెట్టింది. నేను ఆమె నిద్రనే చూస్తూ ఉన్నాను. కిటికీలోంచి నారింజ ఆకుల వాసన, దూరంగా ఎవరో పిల్లల్ని పిలుస్తున్న గొంతు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడంలో నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఆమె తీసుకుంటే నేనూ తీసుకునేదాన్ని. ఎండ మంచం మీదినుంచి గోడ మీదికి, అక్కణ్ణుంచి కప్పు దాకా ఎక్కింది. ఒక ఎడం తర్వాత నేను ఊపిరి తీసుకున్నాను. ఆమె తీసుకోలేదు.

డాక్టరు ఎకా దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ఇక మాటల డబ్బాతో పనిలేకపోయింది.

అక్కను ఇంటికి తెచ్చుకోవడానికి కాగితాలు కుదిరేసరికి కొన్ని రోజులు పట్టింది. అన్నాళ్ళూ నన్ను నానులి గారే ఉంచుకున్నారు. ఆవిడ చెబితే గొర్రెబొచ్చు పరుపు తిరగేయడానికి సాయం పట్టాను. తోటలో కలుపు తీశాను. ఒక్క పూట కూడా ఆ గదిలో పడుకోలేదు, వంటింటి బల్ల మీద తల పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడ చూసేది, నా భుజాల మీద శాలువా కప్పి పోయేది.

బయల్దేరే ముందురోజు, అక్క పడుకున్న దుప్పటి ఉతికి ఆరేశారు. సాయంత్రం తీగమీదినుంచి తీసి, ఎలా మడవాలో తెలియక నేను గుండెలకు హత్తుకుని నిలబడిపోయాను. మా ఊళ్ళో మంచం దుప్పట్లు లేవు, ఇంత వెడల్పు గుడ్డ నేనెప్పుడూ మడవలేదు. నానులి గారు వచ్చి, రెండు కొసలు నా చేతుల్లో పెట్టి, రెండు కొసలు తను పట్టుకుని వెనక్కి నడిచారు. దుప్పటి మా మధ్య బిగుసుకుంది. ఆవిడ ఒకసారి విదిలిస్తే గాలి లోపలికి పోయి పైకి లేచింది. తర్వాత ఆవిడ నాకేసి నడిచి వచ్చి, తన కొసలు నా కొసలకు కలిపి, కిందికి జారిన మడత వంగి అందుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ మా మధ్య దూరం సగమవుతూ వచ్చింది. చివరికి దుప్పటి ఒక దిండంత అయ్యేసరికి, ఆవిడ చేతులు నా చేతుల మీదే ఉన్నాయి. తీసేసుకోలేదు.

ఆ రాత్రి ఆవిడ తన గదిలో, తన మంచం దగ్గరే నేల మీద నాకు పక్క వేసింది. పడుకున్నాను. నిద్ర పట్టింది.